పొదుపు రత్న శాలువా

అనగనగా మంచు కురిసే ఒక కొండ అడవిలో దర్పయ్య అనే కొండముచ్చు ఉండేవాడు. అడవికంతటికీ స్వెటర్లు అల్లేది అతనే. బూరమ్మ అనే గొర్రె ఏటా వేసవిలో ఒక్కసారి ఉన్ని ఇచ్చేది.

దర్పయ్య కొలత చూసి అల్లేవాడు కాదు. దుప్పటంత బట్ట అల్లి, కత్తెరతో స్వెటరు ఆకారం కత్తిరించేవాడు. కుందేలుకు కత్తిరించాడు, ముక్కలు లోయలో పారేశాడు. జింకకు కత్తిరించాడు, ముక్కలు లోయలో పారేశాడు. ఎలుగుబంటికీ కత్తిరించాడు. ఎలుగుబంటికి స్వెటరెందుకని ఎవరూ అడగలేదు. లోయలో గుట్ట లేచింది.

"అన్నా, అది నా ఒంటి మీది ఉన్ని. ఒంటికి సరిపడా అల్లకూడదూ?" అంది బూరమ్మ.

"కత్తెర చప్పుడు వినపడకపోతే నేను పని చేస్తున్నానని ఎవరికి తెలుస్తుందమ్మా?" అన్నాడు దర్పయ్య.

గుట్ట పెరిగి దారి మూసుకుపోయింది. జంతువులు గొణిగాయి. వెంటనే దర్పయ్య పొదుపు సభ పెట్టాడు. మిగిలిన ఉన్ని అంతా పెట్టి తనకే ఒక శాలువా అల్లుకున్నాడు. దాని మీద 'పొదుపు రత్న' అని ఎర్ర అక్షరాలు. నక్క చేత కప్పించుకుని, పొదుపు గురించి పొద్దు గూకేదాకా మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ వారమే మంచు పడింది. దర్పయ్య కొడుకు గున్నడికి నిరుటి స్వెటరు పట్టలేదు. చలికి పిల్లాడి పళ్లు టకటకలాడాయి.

దర్పయ్య బూరమ్మ దగ్గరికి పరుగెత్తాడు. "ఇప్పుడు గొరిగిస్తే నేను బతకను అన్నా" అంది బూరమ్మ.

లోయలోకి దిగి ముక్కలు విప్పాడు. కత్తెర పడ్డ బట్ట కదా! లాగితే జానెడు దారం, మళ్లీ లాగితే జానెడు దారం.

ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. భార్య సుంకమ్మ శాలువా వైపు చూసింది.

"అది విప్పు" అంది.

"సన్మానం శాలువానే! కావాలంటే కాసేపు కప్పుదాం."

"కొమ్మ మీద పడుకునే పిల్లాడికి శాలువా నిలుస్తుందా? జారిపోదూ?"

"అడవంతా చూసిందే!"

"అడవి శాలువాను చూసింది. నువ్వు నీ కొడుకును చూడవయ్యా!"

దర్పయ్య చూశాడు. కొస పట్టి లాగాడు. కత్తెర తగలని బట్ట కనుక దారం తెగకుండా వచ్చింది. ముందు 'రత్న' పోయింది. తర్వాత 'పొదుపు' పోయింది. గున్నడి ఒళ్లు జానతో కొలిచి, కొలతకే అల్లాడు. గున్నడి పళ్ల చప్పుడు ఆగింది. ఆ ఇంట్లో కత్తెర చప్పుడూ ఆగింది.

చివరికి పిడికెడు దారపు ఉండ మిగిలింది. దర్పయ్య దాన్ని జాగ్రత్తగా దాచాడు. బతుకులో అతను చేసిన మొదటి పొదుపు అదే. చప్పట్లు కొట్టడానికి అక్కడ ఎవరూ లేరు.

నీతి: సభలో పొగిడిన పొదుపు ఎవరి చలినీ ఆపదు, పారేయకుండా మిగిల్చిన దారమే ఆపుతుంది.