మోటారుకు పోసిన నీళ్లు

"పిన్నీ, ఏళ్ల తరబడి ఒక్క పూటా మొరాయించని మోటారు ఉన్నట్టుండి ఎందుకు చెడుతుంది?" అని అడిగింది చెల్లాయమ్మ. మోటార్ల మరమ్మతులో ఆమెకు గురువు పైడమ్మ. ప్రశ్నకు నోటితో జవాబు చెప్పడం పైడమ్మకు అలవాటు లేదు. పనిముట్ల సంచి శిష్యురాలి భుజాన తగిలించి, ఆ ఉదయం పిలుపొచ్చిన ఇంటికి వెంటబెట్టుకుపోయింది.

ఇంటాయన సింహాచలం నూతి దగ్గరే నిలబడి తన కష్టం ఏకరువు పెట్టాడు. మూడేళ్లుగా మీట నొక్కితే నీళ్లు. భార్య రత్నం టైఫాయిడ్‌తో మంచాన పడింది, మర్నాడే మోటారూ పడుకుంది. కొత్తది బిగిస్తే ఆ పూటకు నీళ్లొచ్చాయి, తెల్లారేసరికి మళ్లీ ఒట్టి రొద.

"మోటారు వేసేదెవరు బాబూ?"

"నేనే. ఆడాళ్లని కరెంటు జోలికి పోనివ్వను," అన్నాడాయన, ఇద్దరు ఆడ మెకానిక్కుల ముందు.

చెల్లాయమ్మ నవ్వు ఆపుకుంది.

"రెండు బిందెలు పొయ్యాలి," అని లోపలినుంచి నీరసమైన గొంతు వినబడింది.

"జ్వరంలో కలవరింతలెండి," అన్నాడు సింహాచలం.

మూడు వారాలు మంచం దిగొద్దని డాక్టరు చెప్పిన మనిషి, గోడ పట్టుకుంటూ బయటికొచ్చింది. మోటారు పక్కన చతికిలబడి, పైనున్న మూత తిప్పి, పక్కనున్న రెండు నీళ్ల బిందెల్లోంచి చెంబుతో ముంచబోయింది. నిండు చెంబు పైకి లేవలేదు. చెల్లాయమ్మ గబుక్కున చెంబందుకుని తనే పోసింది. రెండు బిందెలూ ఖాళీ అయ్యాక మీట నొక్కితే నీళ్లు దూకాయి.

గొట్టం అడుగున నీటిని పట్టి ఉంచే వాల్వు ఎప్పుడో అరిగిపోయింది. రాత్రల్లా గొట్టంలో నీళ్లు నూతిలోకి జారిపోయేవి; గొట్టం నిండితే తప్ప మోటారు నీళ్లు లాగదు. మొగుడు లేచేలోగా రత్నం రోజూ నింపుతూ వచ్చింది.

"నాకు చెప్పొద్దా?" అన్నాడు సింహాచలం.

"చెప్పాను. నీళ్లొస్తున్నాయి కదా, ఇంకేటి గోల అన్నారు," అంది రత్నం. చెల్లాయమ్మ ఆమెను లేవదీసి లోపల పడుకోబెట్టి వచ్చింది.

గొట్టం పైకి లాగి వాల్వు మార్చేసరికి మధ్యాహ్నమైంది. సింహాచలం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"అయితే ఇక రత్నం లేవకపోయినా నీళ్లొస్తాయన్నమాట."

పైడమ్మ చేతులు తుడుచుకుంది. "నీళ్లొస్తాయి బాబూ. ఆవిడ లేవకపోతే ఇంకేవేవి ఆగిపోతాయో, మంచం మీదున్న ఈ మూడు వారాల్లోనే చూసుకో."