చౌడయ్య పట్టిన నూలుపోగు

“తప్పు ఎవరిదో ఎదురుగా కనిపిస్తున్నప్పుడు, ఆ మాట చెప్పకుండా మిషను బాగుచేసి పంపించేయడం మోసం కాదా మాస్టారూ?”

చీరాలలో జిలానీ మాస్టారి రిపేరు షాపులో పని నేర్చుకుంటున్న పరిమళ ఒక సోమవారం పొద్దున అడిగిన ప్రశ్న ఇది. మూడు రోజులు లోపల్లోపల నలిగి మరీ అడిగింది. మాస్టారు ముప్పై ఏళ్ళు రేడియోలూ టీవీలూ విప్పి, వయసు అరవైకి దగ్గరపడ్డాక ల్యాప్‌టాపుల పని పట్టిన మనిషి. ఆయనకో అలవాటుంది. ఎవరేం అడిగినా వెంటనే జవాబివ్వరు. “ముందా స్క్రూలు మూతలో వెయ్యమ్మా, దొర్లిపోతాయి” అంటారు. కొత్తవాళ్ళు చూసి, పాపం చెవుడు కాబోలు అనుకుంటారు. చెవుడా! ఫ్యాను చప్పుడు విని లోపల ఏ రెక్క విరిగిందో చెప్పగల చెవి అది. ఆ రోజూ అదే మాట అన్నారు. పరిమళ స్క్రూలు మూతలో వేసింది గానీ, ముఖం మాత్రం ముడుచుకునే ఉంది.

ఇంతకీ జరిగిందేమిటంటే, శుక్రవారం నాడు ఒక అంగన్‌వాడీ టీచరు తన ల్యాప్‌టాప్ తెచ్చింది. పరిమళ విప్పి చూస్తే కీబోర్డు కింద పాలు ఒలికి, ఎండి, అట్టకట్టి ఉన్నాయి. షాపులో ఇంకో నలుగురు ఉన్నారు. “ఇది మిషను తప్పు కాదండీ, మీ తప్పే. పాలు పోసేసుకుని, దానంతటదే ఆగిపోయిందంటారేం?” అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. ఆవిడ సగం విప్పిన మిషనును కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. మాస్టారు అన్నీ విన్నారు, పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది పరిమళకు. తను చెప్పింది అక్షరాలా నిజం. నిజం చెప్పీ ఎందుకిలా ముల్లు గుచ్చుకున్నట్టుంటోందో ఆమెకు బోధపడలేదు.

పదకొండింటప్పుడు జాండ్రపేట నుంచి తండ్రీ కూతుళ్ళు వచ్చారు. తండ్రి చౌడయ్య, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న నేతగాడు. కూతురు ఈశ్వరి ల్యాప్‌టాప్ మీద చీర అంచులకు డిజైన్లు గీస్తుంది. ఆమె గీసినదాన్ని బట్టే మగ్గం మీద అంచు తేలుతుంది. పళ్ళెంలో ప్రసాదం తెచ్చినట్టు రెండు చేతులా పట్టుకొచ్చింది ఆ ల్యాప్‌టాప్‌ను.

“ఆన్ చేసిన పది నిమిషాలకే పెనంలా కాలిపోయి ఆరిపోతోందండీ” అంది ఈశ్వరి. “వారంటీ అయిపోయి ఐదు నెలలైంది. ఇంకోచోట చూపిస్తే లోపల బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోమన్నారు. కొత్త అంచు అంతా ఇందులోనే ఉంది. ఎల్లుండి బుధవారం చేనేత సొసైటీలో చూపించాలి. ఆ రోజు దాటితే పని ఇంకొకరికి పోతుంది, నేను మళ్ళీ మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చోవాల్సిందే.” ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టింది. “తప్పు నాదేలెండి. పొద్దస్తమానం దాని మీదే పని చేశాను. నాన్న చెబుతూనే ఉన్నాడు, కాస్త విశ్రాంతి ఇయ్యవే దానికి అని. నేను వింటేగా!”

చౌడయ్య భుజం మీద తువ్వాలు తీసి మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు.

పరిమళ స్క్రూల కోసం మిషనును బోర్లా తిప్పి, అలాగే ఆగిపోయింది. అడుగున గాలి లోపలికి పోవడానికి సన్నని చిల్లులు ఉండాలి. అక్కడ చిల్లులు లేవు. నల్లటి మల్లు గుడ్డ రెండు ముక్కలు, నల్లటి అడుగు మూత మీద అందులోనే పుట్టినట్టు అంటుకుని ఉన్నాయి. గోటితో గీరి చూసింది. గంజి! మగ్గం మీద పడుగు దారాలకు పెట్టే గంజి. అంచులు లోపలికి మడిచి, ఎక్కడా ముడత లేకుండా, ఎంత ఓపికగా అంటించారో! ఇలా గుడ్డ అతికించగల చేతులు ఆ షాపులో ఎవరివో ఆమెకు ఇట్టే తెలిసిపోయింది. తల ఎత్తి చౌడయ్యను చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల నెత్తిన నింద వేసుకుంటుంటే, కన్నతండ్రి నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు కూర్చుంటాడా? “ఇదిగో, ఈ గుడ్డ…” అని అందుకోబోయింది.

“పరిమళా, తడిబట్ట తీసుకురామ్మా” అన్నారు మాస్టారు. ఆమె తెచ్చి బల్ల మీద పెట్టింది, విసురుగానే పెట్టింది.

మాస్టారు మిషనును చౌడయ్య ముందుకు జరిపి ఆన్ చేశారు. జ్వరం చూసినట్టు దాని మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి, తీసేశారు. “చౌడయ్యగారూ, మీ దగ్గర నూలుపోగు ఉంటుందా?”

నేతగాడి దగ్గర పోగు ఉండకపోవడమా! చొక్కా చేతికే ఒకటి అంటుకుని ఉంది. తీసి ఇవ్వబోయాడు.

“నాకెందుకండీ, మీరే పట్టండి. ఈ పక్కనున్న సందు దగ్గర. లోపలి వేడిగాలి బయటికి వచ్చే దారి అది.”

చౌడయ్య రెండు వేళ్ళ మధ్య పోగును వేలాడదీసి పట్టాడు. లోపల ఫ్యాను గోలగోల చేస్తోంది. పోగు మాత్రం ఉలకదు పలకదు. ఆయన ఇంకాస్త దగ్గరికి పెట్టాడు. అయినా కదల్లేదు. ఊపిరి కూడా బిగబట్టి చూశాడు, తన ఊపిరికి ఆడుతుందేమోనని.

“ఆడట్లా” అన్నాడు చివరికి.

“అవునండీ, ఆడట్లా” అన్నారు మాస్టారు. మిషను ఆపేసి, అడుగు పైకి వచ్చేలా తిప్పి ఆయన ముందే వదిలేసి, వెనకనున్న బీరువాలో ఏదో వెతకడం మొదలుపెట్టారు. ఆ బీరువాలో వెతకాల్సిందేమీ లేదని పరిమళకు తెలుసు. అయినా మాస్టారి వీపు వంక చూసి, పళ్ళ బిగువున నోరు మూసుకుని నిలబడింది. అలా ఊరుకోవడం ఎంత కష్టమైన పనో ఆ రోజే ఆమెకు మొదటిసారి తెలిసింది.

చౌడయ్య గుడ్డముక్కల్ని చాలాసేపు చూశాడు. పోగును చూశాడు. తర్వాత తడిబట్ట అందుకుని ఒక ముక్క మీద ఒత్తిపెట్టాడు. గంజి నాని మెత్తబడింది. మూల దగ్గర గోరు పెట్టి, చినగకుండా నిదానంగా ఊడదీశాడు. చిల్లులు బయటపడ్డాయి.

“ఈశ్వరీ” అన్నాడు తల ఎత్తకుండా. “నీ తప్పేం లేదే అమ్మా. నేనే చేశా.”

ఈశ్వరికి అర్థం కాలేదు. “ఏంది నాన్నా నువ్వు చేసింది?”

“వారంటీ అయిపోయింది, ఇక ఏమైనా కంపెనీవాళ్ళు పట్టించుకోరన్నావుగా. ఇంటినిండా దూది నూగాయె. ఈ చిల్లుల్లోంచి లోపలికి పోతుందేమోనని… నువ్వు సొసైటీకి పోయినప్పుడు అంటించా. ఇక దాన్ని చూసుకునే దిక్కు మనమే గదా అనుకున్నా. ఊపిరాడకుండా చేశానని నాకేం తెలుసు!” చేతిలోని గుడ్డను వేళ్ళతో సాపు చేశాడు. “ఇందాక నువ్వు నాదే తప్పంటుంటే నోరు రాలేదే.”

 ఈశ్వరి లేచి వచ్చి, తండ్రి చేతిలోని నల్లగుడ్డను తీసుకుని వెలుతురులోకి పట్టి చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగానే నవ్వొచ్చింది.

“రోజూ దాని మీదే పని చేస్తున్నా, నా కంటికే ఆనలేదు. ఇంత సన్నంగా ఎట్టా అతికించావు నాన్నా?”

పరిమళ అప్పుడు చౌడయ్య ముఖం చూసింది. శుక్రవారం వెళ్ళిపోయిన టీచరు ముఖం గుర్తుకొచ్చింది. ఇద్దరూ చేసింది పొరపాటే. ఈయన ముఖంలో సిగ్గుంది, దాంతోపాటు ఒక తేలిక కూడా ఉంది. ఆవిడ ముఖంలో తేలిక అనేదే లేదు.

చౌడయ్య రెండో ముక్కనూ అలాగే ఊడదీసి బల్ల మీద పెట్టాడు. మాస్టారికి బీరువాలో వెతుకుతున్నది దొరికినట్టుంది, సన్న బ్రష్షు పట్టుకుని ఇటు తిరిగారు. ఆపైన గంటసేపు ఆ వేళ్ళు చేసిన పని చూసితీరాలి. లోపల చేరిన కాస్త నూగును పువ్వు మీద పుప్పొడి దులిపినంత మెల్లగా దులిపారు. ప్రాసెసరు మీద ఎండి పెచ్చులు కట్టిన, వేడి లాగే పేస్టును తుడిచేసి, కొత్తది బియ్యపుగింజంత పెట్టారు. ఒక్క స్క్రూ మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు. పోయిందన్న బోర్డు నిక్షేపంలా ఉంది. మూత బిగించి, ఆన్ చేసి, మళ్ళీ చౌడయ్య వైపే జరిపారు. ఆయన పోగు పట్టాడు. అది ఒక్కసారిగా లేచి, గాలికి ఆడుతూనే ఉంది. అరగంట నడిపించినా మిషను గోరువెచ్చగానే ఉంది. ఈశ్వరి అంచు మొత్తం తెర మీద విచ్చుకుంది, హంసలూ లతలతో సహా.

“ఇంట్లో పాత మగ్గం నాడెలు రెండుంటే దీని కింద అడ్డంగా పెట్టండి, గాలి ఆడుతుంది” అన్నారు మాస్టారు చౌడయ్యతో. “నూగు సంగతి మీరన్నది నిజమే, చేరుతుంది. పది రోజులకోసారి ఇలాగే పోగు పట్టి చూడండి. బద్ధకంగా ఊగిందంటే తీసుకురండి. ఆ పని మీ అమ్మాయిది కాదు, మీదే.”

“నాదేనండీ” అన్నాడు చౌడయ్య. ఈసారి మిషనును ఆయనే ఎత్తుకున్నాడు. పోగును మడిచి జేబులో పెట్టుకోవడం మాత్రం మరిచిపోలేదు.

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా పరిమళ గుమ్మంలోనే నిలబడి చూసింది. అంతసేపూ ఒక సందేహం ఆమెను పీకుతూనే ఉంది. లోపలికి వచ్చి అడిగేసింది.

“ఆయన నోరు విప్పకుండా, గుట్టుచప్పుడు కాకుండా గుడ్డ ఊడదీసుకుని వెళ్ళిపోయుంటే? అప్పుడైనా మీరు చెప్పేవారా మాస్టారూ?”

మాస్టారు బల్ల మీద మిగిలిన నల్లగుడ్డ ముక్కను తీసి, దుమ్ము దులిపి, పరిమళ చేతిలో పెట్టారు.

“మిషను మన చేతికిచ్చారు, విప్పాం. తప్పు ఎవరిదో చెప్పే ఆ మాట మనకెవరిచ్చారు తల్లీ?”