ఉప్పు తవిటమ్మ పిలుపు

ఇది గెడ్డకి వంతెన లేనప్పటి మాట. ఉప్పు మనుషుల నెత్తి మీద ఎక్కి ఊరూరా నడిచొచ్చినప్పటి మాట. మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. ఆవిడకి ఎవరు చెప్పారో అడిగితే, పుట్టినప్పటి నుంచీ తెలుసు అనేదట.

గెడ్డ అంటే పెద్ద నది కాదు, కొండల్లోంచి దిగొచ్చే వాగు. చలికాలంలో మోకాలి లోతుంటుంది. దానికి ఈ ఒడ్డున నేరేడువలస, ఆ ఒడ్డున ఇప్పలవలస. ఈ ఊరి ఆడపిల్లలు ఆ ఊరికి కోడళ్ళు, ఆ ఊరి ఆడపిల్లలు ఈ ఊరికి కోడళ్ళు. ఈ ఒడ్డున చుట్టం లేని ఇల్లు ఆ ఒడ్డున లేదు.

నేరేడువలస చివర ఒక పాకలో తవిటమ్మ ఉండేది. ఆమెకి ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదని, పుట్టగానే ఆమెని పొరుగింటికి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు. అలా చేస్తే బతుకుతుందని నమ్మకం. అందుకని తవిటమ్మ. బతికింది. పెళ్ళయింది, మొగుడు పోయాడు, పిల్లలు లేరు. సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు తట్ట ఎత్తుకొచ్చి, గుమ్మం గుమ్మానికీ ఉప్పు పోసి, గింజలు పోయించుకునేది. ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. వీధిలో ఆమె కనిపిస్తే "ఉప్పొచ్చింది" అనేవారు, అంతే.

ఒక చలికాలం కొత్త జ్వరం వచ్చింది. ముందు ముక్కు కారేది. తర్వాత దగ్గు. తర్వాత ఒళ్ళంతా రోకళ్ళతో దంచినట్టు నొప్పులు. అలాంటి జ్వరాన్ని ముసలివాళ్ళు కూడా ఎరగరు. మొదట ఇప్పలవలసలో కనిపించింది. అది తెలిసిన రోజే నేరేడువలస వాళ్ళు రేవుకి అడ్డంగా తుమ్మకంప కొట్టేశారు. అటువాళ్ళు ఇటు రాకూడదు, ఇటువాళ్ళు అటు పోకూడదు.

మనుషులు ఆగారు. మాటలు ఆగలేదు.

పొద్దున్న బావి దగ్గర, ఇప్పలవలసలో పదిమంది మంచం పట్టారన్నారు. మధ్యాహ్నం కళ్ళంలో ఆ పదిమందీ పోయారన్నారు. సాయంత్రం గానుగ దగ్గర, మొయ్యడానికి నలుగురు కూడా మిగల్లేదన్నారు. ఆ ఒడ్డున పొగ లేస్తుంటే అది శవాల పొగ అన్నారు. ఒకరు ఆనపకాయ తింటే జ్వరం వస్తుందన్నారు, పాదులన్నీ పీకేశారు. ఒకరు పెరుగు వల్ల అన్నారు, కుండలు గుమ్మరించేశారు. ఒకరు దగ్గు వినబడినంత దూరం జ్వరం వస్తుందన్నారు, పిల్లలు చెవులు మూసుకుని నడిచారు.

అప్పుడే చిలకమ్మకి జ్వరం వచ్చింది.

చిలకమ్మ ఇప్పలవలస పిల్ల. ఎరకయ్య కూతురు. నేరేడువలసలో అప్పలనరసమ్మ కోడలు. కంప కొట్టడానికి ముందే పుట్టింటికి వెళ్ళొచ్చింది. వచ్చాక పడకేసింది. దాంతో ఊరి మాటలన్నిటికీ ఒక ఇల్లు దొరికింది. జ్వరం ఈ గుంటే, ఈ పిల్లే మోసుకొచ్చింది అన్నారు. తాటితోపులో పాడుబడిన పాక ఉంది, అక్కడ పడేస్తే ఊరు బాగుపడుతుంది అన్నారు. ఊరి పెద్ద నాయుడుకి ఆ పని ఇష్టం లేదు, కాదనే ధైర్యమూ లేదు. సంత రోజు దాకా చూద్దాం, అప్పటికి లేవకపోతే తోపుకి తీసుకుపోదాం అన్నాడు.

ఎవరో ఒకావిడ దూరంగా నిలబడి, మీ నాన్న పోయాడట, మీ ఇంట్లో దీపం పెట్టేవాళ్ళు లేరట అని చిలకమ్మకి వినబడేలా చెప్పి వెళ్ళింది. ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. గంజి పెడితే తాగలేదు. నీళ్ళిస్తే పుక్కిలించి ఉమ్మేసింది. భర్త బతిమాలాడు, అత్త బతిమాలింది. వినలేదు.

ఆ ఇంటి గడప తొక్కడం అందరూ మానేశారు. తవిటమ్మ మాత్రం గుమ్మం ముందు తట్ట దించి, గంజిలోకి ఉప్పు పోసింది. అప్పలనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"జొరం తగ్గతన్నాది తవిటమ్మా. గుంట దుక్కంతో పోయేలాగున్నాది."

తవిటమ్మ, ఎరకయ్య పోయినట్టు ఎవరు చూశారని అడిగింది. అప్పలనరసమ్మకి తెలీదు. బావి దగ్గరివాళ్ళు చెప్పారంది.

తవిటమ్మ బావి దగ్గరికి వెళ్ళింది. నువ్వు చూశావా అని అడిగింది. నేను చూడలేదు, కళ్ళంలో అన్నారు అంది నీళ్ళు తోడుతున్నామె. కళ్ళంలోకి వెళ్ళింది. నువ్వు చూశావా అని అడిగింది. నేను చూడలేదు, గానుగ దగ్గర విన్నాను అన్నాడు తూర్పారబడుతున్నతను. గానుగ దగ్గరికి వెళ్ళింది. నువ్వు చూశావా అని అడిగింది. నేను చూడలేదు, బావి దగ్గర అనుకుంటున్నారు అన్నాడు గానుగతను.

తవిటమ్మ తట్ట నెత్తికెత్తుకుంది. కంప లేని చోట, కింద ఇసకమేటల దగ్గర గెడ్డ దాటింది.

ఇప్పలవలసలో ఆమెని చూసి మనుషులు వెనక్కి వెనక్కి నడిచారు. ఒక ముసలాయన వంగి ఆమె పాదాలు ముందుకున్నాయో వెనక్కున్నాయో చూశాడు. ఎందుకని అడిగితే చెప్పారు. నేరేడువలసలో ఒక్కరూ మిగల్లేదని అక్కడ చెప్పుకుంటున్నారట. ఉన్న నలుగురూ కంప కొట్టుకుని లోపలే పోయారని అనుకుంటున్నారట. తవిటమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూనే అరుగు మీద కూలబడి కళ్ళు తుడుచుకుంది.

ఊరు తిరిగి చూసింది. ఇంటింటా దగ్గు ఉంది. చాలామంది పడ్డారు, చాలామంది లేచారు. లేచినవాళ్ళు కర్ర పట్టుకుని ఎండలో కూర్చుని ఉన్నారు. ఇద్దరు మాత్రం లేవలేదు. ఒకరు మేకల కాపరి ముసలాయన. ఇంకొకరు చిలకమ్మ నాన్నమ్మ. ఎరకయ్య బతికే ఉన్నాడు. సగానికి సగం చిక్కిపోయి, చెరుకు రసం కాగుతున్న పెనం పక్కన కూర్చుని మంట ఎగదోస్తున్నాడు. నేరేడువలసలో శవాల పొగ అన్నది ఈ బెల్లం పొగే.

తవిటమ్మ తిరిగొచ్చి చెప్పింది. నేరేడువలస నమ్మలేదు. ఎరకయ్య ఎప్పుడో పోయాడు, నువ్వు చూసింది దయ్యాన్ని అన్నారు.

తవిటమ్మ రెండోసారి గెడ్డ దాటింది. ఎరకయ్య చేతి మీదుగా కొత్త బెల్లం అచ్చు తెచ్చింది. ఇంకా వెచ్చగానే ఉంది, చూసుకోమంది. నేరేడువలస నమ్మలేదు. వెచ్చగా ఉందంటే దానికీ జ్వరం ఉందన్నారు. కర్రతో బెల్లాన్ని గెడ్డలోకి తోసేశారు. రెండుసార్లు ఆ ఊరు వెళ్ళొచ్చావు, ఇంక నువ్వు ఊళ్ళోకి రావద్దు అన్నారు.

ఎన్ని ఏళ్ళుగానో ఆ ఊరి కూరల్లో ఆమె తెచ్చిన ఉప్పే పడింది. ఆ ఊళ్ళోకే రావద్దన్నారు. తవిటమ్మ ఇసకలో కూర్చుని చాలాసేపు గెడ్డని చూసింది. వీళ్ళ ఖర్మ అనుకుని సముద్రం వైపు నడిచి వెళ్ళిపోదామనుకుంది. లేచి కొంత దూరం నడిచింది కూడా. గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల గుర్తొచ్చింది. తెల్లారితే సంత రోజు. తవిటమ్మ వెనక్కి తిరిగి మూడోసారి గెడ్డ దాటింది.

సంత రోజు పొద్దు బారెడెక్కాక, నేరేడువలసలో నులకమంచానికి వెదురుబొంగులు కట్టారు. చిలకమ్మని దాని మీద పడుకోబెట్టారు. ముఖానికి గుడ్డలు చుట్టుకుని నలుగురు మోశారు. భర్త అడ్డం పడితే పక్కకి లాగేశారు. అప్పలనరసమ్మ మంచం పట్టె పట్టుకుని, పాకలో నేనూ ఉంటాను అంటూ నడిచింది. వెనక ఊరు నడిచింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తాటితోపు దారి గెడ్డ ఒడ్డమ్మటే పోతుంది.

రేవు దగ్గరికి వచ్చేసరికి ఆ ఒడ్డున మనుషులు కనిపించారు.

వరసగా నిలబడి ఉన్నారు. దుప్పట్లు కప్పుకుని, కర్రలు పట్టుకుని, కొందరు ఒకరి భుజం ఒకరు పట్టుకుని. చివర్న తవిటమ్మ. ఆమె వాళ్ళకి ముందే చెప్పింది. ఎవరూ నీళ్ళలోకి దిగొద్దు. అందరూ కలిసి అరవొద్దు. ఒకరి తర్వాత ఒకరు మీ పేరు చెప్పండి. మీ గొంతు మీవాళ్ళకి తెలుస్తుంది.

మొదట ఎరకయ్య రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"నాను ఎరకయ్యని. లెగిసినాను."

మంచం మోసేవాళ్ళు ఆగిపోయారు.

రెండో గొంతు లేచింది, అది కుమ్మరాయనది. మూడో గొంతు లేచింది, అది మంత్రసానిది. పేరు చెప్పి, లెగిసినాను అన్నారు. ఇటువైపు ఎవరో "మా పిన్ని" అంటూ కంప దాకా పరిగెత్తారు. ఇంకెవరో "మా బావ గొంతే అది" అన్నారు. నాలుగో గొంతు ఒక ముసలామెది. దగ్గి దగ్గి ఆగి, పేరు చెప్పలేదు.

"ఒరే బుల్లోడా, నాను మీ అప్పనిరా. లెగిసినాను."

బుల్లోడంటే నాయుడే. అప్పంటే ఆ ఒడ్డుకి కోడలుగా వెళ్ళిన అతని అక్క. తల నెరిసిన నాయుణ్ణి ఆ పేరుతో పిలిచే మనిషి లోకంలో ఒక్కర్తే. ఆమె పోయిందని విని అతను లోపల్లోపల ఏడ్చి, ఆ పూట స్నానం కూడా చేశాడు. ఇప్పుడు మొహానికి చుట్టుకున్న గుడ్డ తీసి కళ్ళకి అద్దుకున్నాడు.

చిలకమ్మ మంచం మీద మోచేతులు ఆన్చి లేచింది. అయ్యా అని పిలిచింది. ఆ గొంతు మంచం దాటలేదు. అప్పలనరసమ్మ అందుకుని గెడ్డ మారుమోగేలా అరిచింది. నీ కూతురు బతికే ఉంది, వింటోంది అంది. ఆ ఒడ్డున ఎరకయ్య ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

చిలకమ్మ అత్త చెయ్యి లాగి ఇంకో మాట అడిగింది. నాన్నమ్మ గొంతు రాలేదేం, అడుగు అంది. అప్పలనరసమ్మ అడిగింది. ఆ ఒడ్డు నుంచి తవిటమ్మే చెప్పింది.

"మీ మామ్మ లెగనేదు తల్లీ. మరొకాయన కూడా లెగనేదు. మిగతావోలంతా ఉన్నారు. నాను సూసినాను."

చిలకమ్మ ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. తర్వాత గంజి అడిగింది.

ఆ మంచం తోపుకి పోలేదు. నాయుడు ముందు బొంగు తన భుజం మీదకి తీసుకుని వెనక్కి తిప్పాడు. మోసుకొచ్చిన దారినే ఇంటికి మోసుకుపోయారు.

కంప మాత్రం వెంటనే తియ్యలేదు. జ్వరం పోయేదాకా అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే ఉండమని రెండు ఊళ్ళూ అనుకున్నాయి. కానీ రోజూ పొద్దు వాలేటప్పుడు రెండు ఒడ్డుల మీదా జనం చేరేవాళ్ళు. ఆ రోజు లేచినవాళ్ళు పేరు చెప్పుకునేవాళ్ళు. అవతలివాళ్ళు "ఇన్నాం" అనేవాళ్ళు. లేవనివాళ్ళుంటే వాళ్ళ పేరు ఇంటివాళ్ళు చెప్పేవాళ్ళు. దానికీ అవతలివాళ్ళు "ఇన్నాం" అనేవాళ్ళు, కొంచెం మెల్లిగా. గెడ్డ మధ్య రాతి మీద ఒకరు బెల్లం పెట్టి వెళ్తే, ఒకరు బియ్యం పెట్టి వెళ్ళేవాళ్ళు. బావి దగ్గర మాటలు పుట్టడం మానలేదు. అయితే అవి ఆ సాయంత్రం దాకానే బతికేవి.

రావద్దన్న ఊరే పిలిస్తే తవిటమ్మ తన పాకకి తిరిగొచ్చింది. ఆమెకీ జ్వరం వచ్చింది. ఈసారి ఊరు ఆమె గుమ్మం వదల్లేదు. అప్పలనరసమ్మ వండిన గంజి, నాయుడింటి కంబళి, చిలకమ్మ కాచిన మిరియాల కషాయం పాక దగ్గరికి నడిచాయి. కొన్నాళ్ళకి ఆమె కర్ర పట్టుకుని రేవుకొచ్చింది. నోరు తెరిచింది. అలవాటు కొద్దీ "ఉప్పోయ్" అని వచ్చింది. రెండు ఒడ్డులూ నవ్వాయి. ఆమె కూడా నవ్వి, దగ్గి, మళ్ళీ చెప్పింది.

"నాను తవిటమ్మని. లెగిసినాను."

ఎరకయ్య గొంతు అందరికంటే ముందు "ఇన్నాం" అంది. తర్వాత రెండు ఊళ్ళూ అన్నాయి.

చలి విరిగింది. మామిడి పూసింది. జ్వరం ఎలా వచ్చిందో అలాగే పోయింది. కంప తీసి పొయ్యిలో పెట్టుకున్నారు. చిలకమ్మకి బిడ్డ పుట్టింది, ఆ బిడ్డకి బిడ్డలు పుట్టారు. తవిటమ్మ నడుం వంగేదాకా ఉప్పు మోసి, ఒక వానాకాలం నిద్రలోనే పోయింది. కొరివి పెట్టడానికి సొంతవాళ్ళు లేరు. నాయుడు కొడుకు పెట్టాడు. ఆ సాయంత్రం రెండు ఒడ్డుల మీదా జనం నిలబడ్డారు. చిలకమ్మ ఆమె పేరు చెప్పింది. ఆ ఒడ్డు నుంచి "ఇన్నాం" అని వచ్చింది.

ఆమెకి గుడి కట్టలేదు. ఆమె రూపం ఎలాగుండేదో ఎవరికీ తెలీదు. ఆ రేవుని మాత్రం తవిటమ్మ రేవు అంటారు. పక్కన వంతెన వచ్చింది, బస్సు కూడా తిరుగుతోంది. అయినా ఆ రెండు ఊళ్ళలో ఎవరికి జ్వరం వచ్చి తగ్గినా, మొదట రేవుకి వెళ్ళి అవతలి ఒడ్డు వైపు తిరిగి పేరు చెప్పి, లెగిసినాను అంటారు. దాన్ని తవిటమ్మ పిలుపు అంటారు. మాటలు రాని పసిబిడ్డ అయితే తల్లి చంకనెత్తుకుని, బిడ్డ పేరు తనే చెబుతుంది. అవతల బట్టలుతుకుతున్నవాళ్ళు చెయ్యి ఆపి, నడుం ఎత్తి, ఆ బిడ్డెవరో తెలిసినా తెలియకపోయినా "ఇన్నాం" అంటారు. మళ్ళీ వంగి ఉతుక్కుంటారు.