పాప లేవకుండా ఉపన్యాసం

సుంకన్న పంతొమ్మిది ఓట్ల తేడాతో గెలిచి మా ఊరికి ప్రెసిడెంటు అయినాడు. కాగితాల్లో సర్పంచి అని రాస్తారు గానీ, మా ఊర్లో ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ప్రెసిడెంటే.

అతన్ని గెలిపించింది అతని నోరు. అందులో దాచుకునేది ఏం లేదు. ఓడిపోయిన మద్దిలేటి పదేండ్లు ఆ కుర్చీలో ఉన్న మనిషి. ఆయన మీద సుంకన్న మైకులో మాట్లాడిన మాటలు నేను ఇక్కడ చెప్పను, ఆడోళ్ళు కూడా చదువుతారు. మద్దిలేటి మాత్రం తక్కువ తిన్నాడా? ఆయన సుంకన్న ముత్తాత దాకా పోయినాడు.

ఎలక్షన్లు అయి నాలుగు నెలలు దాటింది. ఊరు మాత్రం మళ్ళా ఒకటి కాలేదు. వీళ్ళు ఎక్కిన ఆటో వాళ్ళు ఎక్కరు. బస్సు ఒకటే కాబట్టి తప్పదు, అందుకని వీళ్ళు ముందు తలుపు, వాళ్ళు వెనక తలుపు. కండక్టరు మొత్తుకొని మొత్తుకొని ఊరకున్నాడు. పెండ్లి పత్రిక పంచాలన్నా ముందు ఆ ఇంటిది ఏ జెండానో చూసుకోవాల్సిన ఖర్మ పట్టింది మాకు.

ఇట్లాంటప్పుడు పైపు మంజూరైంది.

మా బోర్లు ఎండిపోయి రెండేండ్లు. ట్యాంకరు వస్తే బిందెల యుద్ధమే. కొండ మీది ట్యాంకు నుంచి ఊర్లోకి పైపు వేస్తామన్నారు. కాకపోతే ఆ పైపు ఆరు చేన్ల గుండా రావాల. ఆరూ మద్దిలేటి వర్గం వాళ్ళవే. మొదటిది మద్దిలేటిది. ఆ ఆరుగురూ గ్రామసభలో ఒప్పుకొని సంతకాలు పెడితే పని మొదలవుతుంది. నెలాఖరు లోపల పెట్టకపోతే పైపు ఇంకో ఊరికి పోతుంది. సభ శనివారం. నెలాఖరు ఆదివారం.

శుక్రవారం మధ్యాహ్నం సుంకన్న మౌలాలి తాత ఇంటికి వచ్చినాడు.

మౌలాలి తాత దూదేకులాయన. పరుపులు, దిండ్లు కుట్టి బతుకుతాడు. ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్నవాళ్ళు చుట్టుపక్కల ఊర్లలో వందమంది దాకా ఉంటారు. సాయిబులూ ఉన్నారు, మాలాంటోళ్ళమూ ఉన్నాం. సుంకన్న పన్నెండేండ్లుగా శిష్యుడు. ఒకప్పుడు ప్రతి గురువారం వచ్చి, తాత తత్వం చెప్తుంటే తల వంచుకొని వినేవాడు. ప్రెసిడెంటు అయినాక రావడం తగ్గింది. వచ్చినా సగం సేపు ఫోన్లోనే ఉంటాడు.

ఆ పొద్దు నేను అక్కడే ఉన్నా. నా దిండ్లు రెండు గడ్డలు కట్టి రాళ్ళయిపోతే, దూది ఏకించుకుందామని తీసుకుపోయినా. తాత మాత్రం దూదేకే విల్లు ముట్టలేదు. ఆయన ఒళ్ళో పసిపాప ఉంది. మూడు నెలల పిల్ల.

మా దిక్కున పసిపిల్లలు ఆగకుండా ఏడిస్తే సాయిబు దగ్గరికి తీసుకుపోయి ఊదించుకుంటారు. ఏ కులం వాళ్ళయినా వస్తారు. తాత పెదవుల్లోనే ఏదో చదివి, పాప నెత్తి మీద మూడుసార్లు మెల్లగా ఊదుతాడు. ఈ పిల్ల మూడు దినాలుగా కునుకు లేకుండా ఏడుస్తాందంట. తాత ఊది, భుజాన వేసుకొని గంటసేపు అటూ ఇటూ తిరిగితే అప్పుడు రెప్పలు వాల్చింది. అంతలో ట్యాంకరు వచ్చిందని వీధిలో కేక వినపడింది. తల్లి బిందె ఎత్తుకొని పరిగెత్తింది.

సుంకన్న చెప్పులు విడిచి లోపలికి వస్తూనే, "తాతా! నువ్వే నాకు దిక్కు!" అన్నాడు.

పాప ఉలిక్కిపడింది. తాత పెదవుల మీద వేలు పెట్టినాడు.

సుంకన్న గొంతు తగ్గించినాడు. తగ్గించినానని అతను అనుకున్నాడు లే.

"రేపు సభ తాతా. వాళ్ళు నా మాట వినరు. నేను ఎంత గట్టిగా అరిస్తే వాళ్ళు అంతకు రెండింతలు అరుస్తారు. పోయిన సభలో కుర్చీలు లేచినాయి. రేపు తలకాయలు పగుల్తాయి. నీళ్ళు రాకపోతే ఊరి ఆడోళ్ళు నన్ను నిలబెట్టి కడుగుతారు. ఏం చేసేది చెప్పు."

"నువ్వేం చేద్దామనుకున్నావు?"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు సుంకన్న జేబులోంచి కాగితాలు తీసినాడు. నాలుగు పేజీలు. రెండు పక్కలా రాసినాడు.

"రెండు దినాలు తలుపేసుకొని రాసినా తాతా. ఒక్కో మాట ఒక్కో బాంబు. ఇది విన్నాక మద్దిలేటి మళ్ళా తల ఎత్తడు. నువ్వు చెయ్యి పెట్టి దీవించు, చాలు."

"వినకుండా ఎట్ల దీవించేది? చదువు."

సుంకన్న లేచి నిలబడి, కండువా సర్దుకొని, గొంతు సవరించుకున్నాడు.

"కూర్చోప్పా," అన్నాడు తాత. "నాకు చేతులు పీకుతాండాయి. పాపను కొంచేపు పట్టుకొని చదువు."

అతను ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. అంతలోనే పాప అతని ఒళ్ళోకి వచ్చేసింది. నలుగురిని కాలర్ పట్టుకొని ఈడ్చే మనిషి ఆ గుప్పెడు పిల్లను పట్టుకొని కట్టెలాగా బిగుసుకుపోయినాడు.

"లేస్తే ఎట్ల తాతా?"

"లేస్తే, మూడు దినాలుగా నిద్రలేని వాళ్ళమ్మకు నువ్వే జవాబు చెప్పుకో. కానీ, చదువు."

సుంకన్న ఒక చేత్తో కాగితం పట్టుకొని మొదలుపెట్టినాడు. "నన్ను గుండెల్లో పెట్టుకొని గెలిపించిన నా గ్రామ ప్రజలారా!"

పాప నొసలు ముడుచుకుంది. కింది పెదవి వంకర పోయింది. సుంకన్న ఊపిరి బిగపట్టి, మోకాళ్ళు మెల్లగా ఊపుతా, "ష్ ష్ ష్" అన్నాడు. గండం గడిచింది.

రెండో మాట పెదవి కదిలీ కదలకుండా చదివినాడు. "పదేండ్లు ఈ ఊరిని పీక్కుతిన్న గద్దల్లారా."

తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఎవరంటివి?"

"గద్దలు తాతా."

"ఓహో, గద్దలు. సరే, కానీ."

నాకు నవ్వు ఆగలేదు. తువ్వాలు నోట్లో కుక్కుకున్నా. కావాలంటే మీరూ చేసి చూడండి. నిద్రపోతున్న పసిపిల్లను ఒళ్ళో పెట్టుకొని, దాని చెవి పక్కన 'గద్దల్లారా' అని గుసగుసగా అని చూడండి.

"మీ తోలు ఒలిచి..." అన్నాడు సుంకన్న. ఆగినాడు. పాప నోరు కొంచెం తెరుచుకొని ఉంది. పెదవి చివర పాలు ఎండి ఉన్నాయి. అతను పాపను చూసినాడు, కాగితాన్ని చూసినాడు. ఆ వరుస మీద బొటనవేలు పెట్టి దాటించినాడు.

తర్వాతి వరుసలో మద్దిలేటి చనిపోయిన తండ్రి గురించి ఏదో ఉన్నట్టుంది. దాన్నీ దాటించినాడు. రెండో పేజీ కళ్ళతోనే చదువుకొని తిప్పేసినాడు. మూడోది తిప్పేసినాడు. అతని చెవులు ఎర్రబడినాయి.

"అయిపోయినట్టేనా?" అన్నాడు తాత.

"లేదు తాతా, ఉండు. ఉంది. ఇంకా ఉంది."

నాలుగో పేజీ వెనకపక్క అడుగున అతనికి దొరికింది.

"కొండ మీది ట్యాంకు నుంచి మన ఊరికి రెండున్నర కిలోమీటర్లు. పైపు మూడడుగుల లోతున పోతుంది. పైన ఎప్పటిమాదిరే మడక కట్టి దున్నుకోవచ్చు. కంది కోతలు అయ్యేదాకా ఎవరి చేన్లోనూ తవ్వరు. ఆరు చేన్లకూ ఒక్కో కొళాయి గట్టు మీదనే పెట్టిస్తాం. అది నేను అడిగి రాయించినా."

పాప కదల్లేదు. నిద్రలోనే సన్నగా నవ్వింది కూడా.

"మళ్ళా చదువు," అన్నాడు తాత.

మళ్ళా చదివినాడు. ఈసారి కాగితం వంక కూడా చూడలేదు.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆరు చేన్లకు ఆరు కొళాయిలు ఇస్తున్న సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. నేను సుంకన్న పార్టీ వాన్నే. అతని ప్రతి మీటింగుకూ పోయినా. మద్దిలేటి మేనమామలు ఏం చేసినారో కూడా నాకు కంఠతా వచ్చు, ఈ కొళాయిల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

'నోరు మంచిదైతే ఊరు మంచిది' అని తాత ఇప్పుడు అంటాడనుకున్నా. ఆయన మాత్రం నా దిండు తీసుకొని కుట్లు విప్పుకుంటా కూర్చున్నాడు.

అంతలో పాప తల్లి వచ్చింది. నడుమున బిందె, చీరంతా తడి. గడప దగ్గరే నిలబడిపోయింది. సుంకన్న తలెత్తి చూసి తెల్లబోయినాడు. ఆ పిల్ల నాగవేణి, మద్దిలేటి కూతురు. పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది.

సుంకన్న లేవబోయినాడు. పాపను ఎట్ల ఇచ్చేది, ఏమని ఇచ్చేది అతనికి తెలీలేదు.

"కదలొద్దు చిన్నాయనా," అంది నాగవేణి మెల్లగా. "కదిలితే లేస్తాది. మూడు దినాలుగా మా నాయన ఎత్తుకొని తిరిగినా ఇట్ల పండుకోలేదు. నీకు పుణ్యముంటాది, అట్లే గమ్మునుండు."

ఎలక్షన్లకు ముందు ఆ పిల్ల అతన్ని చిన్నాయనా అనే పిలిచేది. ఇన్ని నెలల తర్వాత మళ్ళా ఆ పిలుపు విన్నాడు సుంకన్న. నాగవేణి బిందె దించి, గోడకు ఆనుకొని కూర్చుంది. రెండు నిమిషాల్లో తనూ నిద్రపోయింది, పాపం.

మా ప్రెసిడెంటు గంటన్నర కదలకుండా కూర్చున్నాడు. జేబులో ఫోను గుర్రు గుర్రుమంటే తీసి తాత పరుపుల కింద దోపినాడు. కాళ్ళు తిమ్మిరెక్కి, లేచేటప్పుడు నా భుజం పట్టుకొని లేచినాడు.

శనివారం స్కూలు మైదానంలో సభ. రెండు వర్గాలూ కొట్లాటకు చొక్కా చేతులు పైకి మడిచి పెట్టుకొనే వచ్చినాయి. మైదానానికి ఈ పక్క వీళ్ళు, ఆ పక్క వాళ్ళు. నడుమ లారీ పోయేంత జాగా. మద్దిలేటి ముందు వరసలో కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నాడు. మిగతా ఐదుగురు చేన్లోళ్ళు ఆయన వెనకే ఉన్నారు.

సుంకన్న లేచినాడు. మైకు కుయ్యిమంది. దాన్ని పక్కకు నెట్టేసి మాట్లాడటం మొదలుపెట్టినాడు. పాపకు చదివిన గొంతే. ఒక్కరికీ వినపడలేదు.

"ఏం ప్రెసిడెంటూ, గొంతు అమ్ముకున్నావా?" అని వెనక నుంచి ఎవరో అరిచినారు. రెండు పక్కలా నవ్వినారు. రెండు పక్కలూ ఒక మాటకు నవ్వి చాలా దినాలైంది.

"దగ్గరికి రాండి, చెప్తా," అన్నాడు సుంకన్న.

వచ్చినారు. రాక ఏం చేస్తారు, నీళ్ళ సంగతి. వినాలంటే నోరు మూసుకోవాల, ముందుకు జరగాల. ఆడోళ్ళు ముందు జరిగినారు. వాళ్ళ వెనక మేమూ జరిగినాం. చూస్తే నా పక్కన భుజం తగుల్తా నిలబడింది మద్దిలేటి బావమరిది. ఇద్దరం ఒకరినొకరు చూసుకొని, చేసేది లేక మళ్ళా ప్రెసిడెంటు వంక చూసినాం.

సుంకన్న పైపు సంగతి చెప్పినాడు. లోతు చెప్పినాడు, కంది కోతల మాట చెప్పినాడు, కొళాయిలు చెప్పినాడు.

మద్దిలేటి తిట్లకు జవాబులు సిద్ధం చేసుకొని వచ్చిన మనిషి. ఒక్క తిట్టన్నా పడుతుందేమోనని చాలాసేపు ఎదురుచూసినాడు. పడలేదు. చివరికి లేచి, "మూడడుగులు అంటాండావే, మడక తగలదని ఏం నమ్మకం?" అని అరిచినాడు. ఆ నిశ్శబ్దంలో ఆ అరుపు ఆయనకే ఎక్కువైనట్టుంది. చుట్టూ చూసి, మళ్ళా మామూలుగా అడిగినాడు. "మడక తగిలితే పైపు పగల్దా?"

"పగుల్తాది మద్దిలేటన్నా," అన్నాడు సుంకన్న. "నువ్వు దగ్గరుండి తవ్వించు. నాలుగడుగులు కావాలంటే నాలుగే తవ్వుదాం."

మద్దిలేటి మీసం మీద చెయ్యి వేసి కాసేపు నేల చూసినాడు. ఇంట్లో కూతురు ఏమన్నా చెప్పిందో లేదో నాకు తెలీదు. తెలీని దాన్ని కల్పించి చెప్పను. నేను చూసింది చెప్తా. ఆయన టేబుల్ దగ్గరికి వచ్చి, "నా చేన్లో నేనే నిలబడి తవ్విస్తా. నాలుగడుగులు," అని సంతకం పెట్టినాడు. ఆయన వెనక నలుగురు పెట్టినారు. ఆరో ఆయన మాత్రం బెట్టు చేసినాడు. రెండు టీలు తాగినాక పెట్టినాడు.

సుంకన్న ఆ కాగితం పట్టుకొని వీధుల్లో పరుగు తీసినాడు. వెనక నేను. తాత వాకిలికి ఇంకా నాలుగిండ్లు ఉండగానే అతని గొంతు మళ్ళా వచ్చేసింది.

"తాతా! ఆరు సంతకాలూ పడినాయి! ఒక్క మాట గట్టిగా అనలేదు తాతా! గెలిచినా!"

తాత కుడుతున్న సూది ఆపి కాగితం తీసుకున్నాడు. ఎండలోకి పట్టి ఆరు సంతకాలూ ఒక్కొక్కటే చూసినాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "భలే పని చేసినావురా నాయనా, భలే పని," అన్నాడు. కాగితం మడిచి సుంకన్న చేతిలో పెట్టినాడు.

"గెలిచినా అంటివే," అన్నాడు. "ఎవరి మీదరా?"

సుంకన్న కాగితం మళ్ళా విప్పి, ఆరు సంతకాలూ మొదటి నుంచి చూసుకున్నాడు.