సీటుకి సున్నిపిండి

తెలివి ఎక్కడ పుట్టిందీ అని ఎవరైనా అడిగితే, మా వంటింట్లో పుట్టి, మా వసారాలో పెరిగి, మా వాకిట్లోనే కాపురం పెట్టింది అని చెప్పుకునే కుటుంబం ఒకటి కొత్తకోరుపల్లిలో ఉంది. ఇంటి పెద్ద గవర్రాజు, అతని భార్య మంగతాయారు, తమ్ముడు బుల్లిరాజు. ఊళ్ళో మిగతా జనానికి ఒక మాట చెప్తే సగం వింటారు, సగం సొంతంగా ఆలోచిస్తారు. వీళ్ళకి ఆ జబ్బు లేదు.

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడం కంటే తెలివేముంటదండీ?" అంటాడు గవర్రాజు.

"ఆయ్, ఏవుంటది!" అంటుంది మంగతాయారు.

"మన తెలివి ఊరందరికీ పంచినా ఇంకా బోల్డు మిగుల్తదన్నయ్యా" అంటాడు బుల్లిరాజు. పంచుకుంటామని ఊరు మాత్రం ఇంతవరకూ ముందుకు రాలేదు.

ఇంత తెలివిగల గవర్రాజుకీ ఒక బెంగ ఉంది. అక్క సూరాయమ్మ. తల్లి పోయాక తమ్ముళ్ళిద్దర్నీ చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఓసారి శ్రావణమాసంలో పేరంటానికి పిలిచి, బస్సు దిగిన అక్కని ఎరువు ట్రాక్టరు తొట్లో గేదె పక్కన నిలబెట్టి తీసుకొచ్చారు. ఏ బండి ముందొస్తే ఆ బండెక్కించమని ఎవరో చెప్పారట మరి. ఆవిడ ఆ పూటే తిరిగి వెళ్ళిపోయింది. "మనిషిని కూర్చోబెట్టినట్టు మెత్తటి సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళే రోజున వస్తాను. అందాకా నాకు పుట్టిల్లు లేదనుకుంటాను" అని మరీ వెళ్ళింది. ఆ తర్వాత ఎన్ని శ్రావణమాసాలు వచ్చాయో, ఆవిడ మాత్రం రాలేదు. వేడన్నంలో కొత్తావకాయ కలిపిన ప్రతిసారీ గవర్రాజుకి అక్క చెయ్యి గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. బుర్ర సంగతి ఎలా ఉన్నా మనసు మాత్రం ఉన్నవాడే.

చివరికి టౌన్లో ఒక రైసుమిల్లు షావుకారి దగ్గర పాత కారు కొన్నాడు. కారు పాతదే గానీ సీట్లు తేనెరంగు తోలు సీట్లు. కూర్చుంటే ఇంత లోతుకి దిగిపోతున్నాయి. అక్కకి కబురు పెట్టాడు. శుక్రవారం రమ్మని ఆవిడ తిరుగు కబురు పెట్టింది. గవర్రాజు కాళ్ళు నేలమీద నిలవలేదు.

సీట్లు అక్కడక్కడా మాసి ఉన్నాయి కదా అని, కార్లకి సామాన్లమ్మే కొట్టుకెళ్ళి అడిగాడు. కొట్టాయన ఒక క్రీము సీసా ఇచ్చి, అడక్కుండానే నాలుగు మంచి మాటలు కూడా చెప్పాడు.

"ఇది అసలు తోలండీ. చంటిపిల్ల ఒళ్ళనుకోండి, అలా చూసుకోవాలి. నీళ్ళు పోసి కడగొద్దు. ఎండలో ఉంచొద్దు, బీటలు తీస్తది. మెత్తటి గుడ్డతో తుడిచి, ఈ క్రీము పల్చగా రాసి వదిలెయ్యండి. తోలుకి కాస్త ఊపిరాడాలి."

గుడ్డతో తుడవండి అని ఊరుకుంటే పోయేది. పాపం, ఎవరితో మాట్లాడుతున్నాడో ఆయనకేం తెలుసు?

ఇంటికొచ్చి గవర్రాజు ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. మంగతాయారు ముక్కుమీద వేలేసుకుంది. "చంటిపిల్లకి ఎకాఎకిన సీసా మందు రాసేత్తారేంటండీ? ముందు పెద్దాళ్ళు రాసుకుని చూడాలి కదా!" అంది. అంతే. మొగుడి మొహానికి రాసింది, మరిది మొహానికి రాసింది, తన బుగ్గలకీ మెడకీ మోచేతులకీ రాసుకుంది. ఎవరికీ దద్దుర్లు రాలేదు. "మంచి మందే" అని తేల్చేసరికి సీసా అడుగంటింది. ముగ్గురి మొహాలూ నిగనిగలాడుతున్నాయి, సీట్లు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

"పోనిద్దురూ, చంటిపిల్లల్ని మా అమ్మ క్రీములేసి పెంచిందా?" అని మంగతాయారు కొంగు బిగించింది. నువ్వులనూనె గోరువెచ్చగా కాచింది. సీట్లకి దోసిళ్ళతో పట్టించింది. సున్నిపిండి పెట్టి నలిచింది. చంటిదానికి నలుగు పెట్టాక కాళ్ళూ చేతులూ సాగదీస్తారు కదా, సీటు పక్కన ఇనప చెయ్యి ఒకటి కనిపిస్తే అది పట్టుకుని లాగింది. సీటు కాస్తా టపీమని వెనక్కి వాలిపోయింది.

"ఒళ్ళు హాయిగా ఉన్నట్టుంది వదినా, నిద్రోయింది" అని బుల్లిరాజు గొంతు తగ్గించాడు.

ఇంకేముంది, జోల కూడా పాడారు. అంతా అయ్యాక చూస్తే సీట్ల నిండా జిడ్డూ, పిండీ. కడగాలి. కొట్టాయన నీళ్ళు పొయ్యొద్దన్నాడు. ముగ్గురూ కూర్చుని బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. బద్దలవడానికి అక్కడేమీ లేదనుకోండి, అయినా కొట్టుకున్నారు.

గవర్రాజుకే వెలిగింది. "నీళ్ళొద్దన్నాడు గానీ మజ్జిగొద్దన్నాడా?"

"అనలేదు!"

అంతే. కుండెడు మజ్జిగ తెచ్చి సీట్లమీద కుమ్మరించారు. తెల్లారేసరికి కారులోంచి వచ్చిన వాసనకి వీధి కుక్కలు కూడా చుట్టు తిరిగి పోయాయి. పిల్లులు మాత్రం వచ్చాయి. అద్దం దించి ఉంచారు కదా, ఊపిరాడాలని! లోపల దూరి, సీట్లు నాకి, నాకినచోట గీరి, గీరినచోట కరిచి, కడుపు నిండాక అక్కడే పడుకున్నాయి.

"అయ్యయ్యో, చంటిదాన్ని పిల్లి రక్కేసిందండోయ్!" అని మంగతాయారు లబలబలాడింది. గాయాల మీద పసుపద్దారు. గాయం కాస్తా పచ్చబడి ఇంకా భయంగా కనిపించింది. అన్నదమ్ములిద్దరూ బోల్టులు ఊడదీసి, బాగా గీరుకుపోయిన సీటుని దుప్పట్లో చుట్టి, భుజాన వేసుకుని ఊళ్ళో ఆరెంపీ డాక్టరు దగ్గరికి పరిగెత్తారు.

"పిల్లి కరిచిందండీ. బొడ్డుచుట్టూ ఇంజక్షన్లు వెయ్యాలంటారు కదా?" అన్నాడు గవర్రాజు ఒగురుస్తూ.

"వేద్దాం. బొడ్డేదీ?"

అన్నదమ్ములు సీటుని అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఆఖరికి వీపు మధ్యన ఒక గుండీ దొరికింది. "బొడ్డు వీపుకి ఉందేంటన్నయ్యా?" అని బుల్లిరాజు. "పరాయి దేశం తోలు కదరా, వాళ్ళకలాగే ఉంటదేమో" అని గవర్రాజు.

డాక్టరుకి నవ్వు ఆగలేదు. పొద్దుటినుంచీ ఒక్క రోగీ రాక ఈగలు తోలుకుంటున్నాడేమో, కాసేపు సరదా చేద్దామనుకున్నాడు. గుండీ మీద నాడి చూసి, కళ్ళు మూసుకుని, "ఇంజక్షన్లు తట్టుకోలేదు. విశ్రాంతి ఇవ్వండి. చల్లటిచోట పడుకోబెట్టండి. మీద ఎవర్నీ కూర్చోనివ్వకండి. కూర్చున్నారో, నా పూచీ లేదు" అన్నాడు. నవ్వుకుని మర్చిపోయాడు. చదువుకున్నవాడి సరదా ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, తాను మర్చిపోతాడు, ఎదుటివాడు మొయ్యాలి.

ఒక సీటుకి ఒంట్లో బాగోకపోతే మిగతావాటికి అంటుకోదూ? అన్ని సీట్లూ ఊడదీసి పడగ్గదిలో మంచాలమీద పడుకోబెట్టారు. ఫ్యాను వేశారు. ముగ్గురూ వసారాలో చాపమీద దోమల్ని కొట్టుకుంటూ పడుకున్నారు. మజ్జిగ వాసన పోవాలని మంగతాయారు సాంబ్రాణి వేసింది. నిప్పురవ్వ ఎగిరి ఒక సీటుకి చిల్లు పడింది. గవర్రాజు నెత్తి బాదుకున్నాడు. బుల్లిరాజు మాత్రం ఎగిరి గంతేశాడు.

"అన్నయ్యా! తోలుకి ఊపిరాడాలన్నాడు కదా ఆయన! ఇన్నాళ్ళూ ముక్కేదీ దీనికి?"

"ఓర్నీ! నిజవేరా!"

ఇంకేముంది, ఒంటి చిల్లుతో ఊపిరేం ఆడుతుందని పక్కనే రెండోది పెట్టారు. అది పెద్దదైంది. దానికి సరిపడా మొదటిది పెంచారు. మిగతా సీట్లు ఏం పాపం చేశాయని వాటన్నిటికీ నిప్పుపుల్లతో ముక్కులు పొడిచారు. లోపలి స్పాంజి ఒకచోట బయటికొస్తే, "జలుబు చేసింది" అని మంగతాయారు కొంగుతో తుడిచింది.

శుక్రవారం వచ్చింది. గవర్రాజు కారు బయటికి తీశాడు. లోపల సీట్లు లేవు, ఉత్త రేకు. తాను నూనెడబ్బా మీద కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. మెత్తటి సీటు తెస్తానని అక్కకి మాటిచ్చాడు గనక ఉన్నవాటిలో కాస్త కోలుకున్నదాన్ని పాత పట్టుచీరలో చుట్టి, బుగ్గన దిష్టిచుక్క పెట్టి, బుల్లిరాజు ఒళ్ళో పెట్టాడు. దారంతా గుంటలే. గుంట వచ్చినప్పుడల్లా డబ్బా ఎగిరింది, డబ్బాతోపాటు గవర్రాజూ ఎగిరాడు. అయినా నవ్వుతూనే ఉన్నాడు. అక్క వస్తోంది కదా!

అక్కడ సూరాయమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. గంజిపెట్టిన చీర, తలలో కనకాంబరాలు. మా తమ్ముడు తోలు సీట్ల కారులో నన్ను తీసుకెళ్తున్నాడు అని వీధి వీధంతా చెప్పుకుంది. వీధి వీధంతా అరుగులమీదే ఉంది. ఆవిడ మహారాణిలా నడిచొచ్చి కారు తలుపు తీసింది.

"సీట్లేవిరా?"

"ఇంట్లో పడుకున్నాయక్కా. ఒంట్లో బాగోలేదు. ఇదొక్కటే లేచింది, తీసుకొచ్చాను."

"దీనిమీద కూర్చోనా?"

"అమ్మమ్మో! డాక్టరుగారు కూర్చోవద్దన్నారు. నువ్వు కింద చతికిలబడి దాన్ని ఒళ్ళో పెట్టుకో. మెడ కింద చెయ్యెయ్యక్కా, వాలిపోద్ది. పిల్లల్ని పెంచినదానివి, నీకు నేను చెప్పాలా?"

వీధి ఘొల్లుమంది. సూరాయమ్మ మొహం కందగడ్డ అయింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తోడబుట్టినదాన్ని నేల మీద పారేసి, చచ్చిన గొడ్డుతోలుకి పట్టుచీర కట్టావు కదరా! నాకంటే అదే ఎక్కువైందా నీకు? అయితే దాన్నే అక్కా అని పిలుచుకో. దాన్నే తీసుకెళ్ళి ఇంట్లో కూర్చోబెట్టుకో. పో!"

తలుపు ధడాల్న వేసుకుని లోపలికెళ్ళిపోయింది.

గవర్రాజు రోడ్డుమీదే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, చొక్కాతో ముక్కు తుడుచుకుని, తమ్ముడితో అన్నాడు. "అక్క మాట ఎప్పుడైనా జవదాటామంట్రా మనం?"

"లేదన్నయ్యా."

"పద మరి."

ఇంటికొచ్చేసరికి మంగతాయారు హారతి పళ్ళెంతో గుమ్మంలో ఉంది. "వదినగారేరండీ?" అంది. గవర్రాజు పట్టుచీర తొలగించి సీటుని చూపించాడు. "ఇకనించీ ఇదే అక్క. అక్కే చెప్పింది." అంతే. మంగతాయారు ఎర్రనీళ్ళు దిగదుడిచింది. కాళ్ళెక్కడున్నాయో తెలియక నాలుగు బోల్టులకీ పసుపు రాసింది. పీటేసి విస్తరేసింది. గవర్రాజు వేడన్నంలో ఆవకాయ కలిపి, "ఇన్నేళ్ళూ నువ్వు లేక ముద్ద దిగలేదక్కా, తిను" అని సీటు ముందు పెట్టాడు. సీటు తినలేదు.

"అలక ఇంకా తీరలేదండీ" అంది మంగతాయారు.

"తీరుద్దిలే. మన అక్కేగా" అని గవర్రాజు ఆ ముద్ద తానే తిన్నాడు. ఆశ్చర్యం, ఆ రోజు ముద్ద దిగింది.

అక్కడ సూరాయమ్మకి మాత్రం నిద్రపట్టలేదు. రోడ్డుమీద ఏడ్చిన తమ్ముడి మొహమే కళ్ళముందు ఆడింది. వెధవకి బుద్ధి లేదు, నాకైనా ఉండొద్దూ అనుకుంది. సీటూ వద్దు, మర్యాదా వద్దు అనుకుంది. పొద్దున్నే లేచి తమ్ముడికిష్టమని జంతికలు వండింది. ఎర్రబస్సులో నిలబడి, స్టాండు నుంచి ఎండలో నడిచి, చెమటలు కక్కుకుంటూ పుట్టింటి గుమ్మంలో నిలబడింది.

"గవర్రాజూ! నేన్రా, అక్కనొచ్చాను!" అని గొంతెత్తి పిలిచింది.

గవర్రాజు లోపల్నుంచి మునివేళ్ళమీద పరిగెత్తుకుంటూ వచ్చాడు. పెదవులమీద వేలు పెట్టుకున్నాడు.

"ష్, మెల్లిగా మాట్లాడక్కా! అక్క ఇప్పుడే పడుకుంది."