నేర్పులమ్మ రేవుకు ఆ పేరు వచ్చిన కథ

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, మడ అడవుల అంచున నేర్పులమ్మ రేవు ఉంది. పడవలు కట్టే పాక పక్కనే అమ్మవారి చిన్న గుడి. ఈ రేవు దాటే ప్రతివారూ ఇక్కడ ఆగి దణ్ణం పెట్టుకునే వెళతారు.

పూర్వం ఇక్కడ పేరయ్య అనే ఓడల వడ్రంగి ఉండేవాడు. ఆయన కూర్చిన పలకల మధ్య నీటిచుక్క దూరేది కాదని ప్రతీతి. అయితే ఆ విద్య తన గడప దాటరాదని ఆయన పట్టు. ఎవరూ చూడకుండా చుట్టూ తాటాకు తడికలు కట్టి పని చేసేవాడు. ఆయనకు బిడ్డలు లేరు. సున్నపు గుల్లలు ఏరుకుని బతికే మాచమ్మ అనే వితంతువు ఒకసారి పని నేర్పమని అడిగితే పొమ్మన్నాడు.

ఒక ఏడు పెనుతుపాను వచ్చి రేవులోని పడవలన్నీ పగిలాయి. పేరయ్యకు అప్పటికే వయసు మీదపడి చేతుల్లో పట్టు తగ్గింది. చెక్క చెక్కే బాడిస జారి కాలి మీద పడింది. బాగుచేసే దిక్కులేక జాలరులు వలస పోవడానికి మూటలు కట్టుకున్నారు. పేరయ్య గ్రామదేవత ముందు సాగిలపడి, "తల్లీ, నా చేతికి మళ్ళీ నేర్పు ప్రసాదించు" అని వేడుకుని, అలసటతో అక్కడే కునుకు తీశాడు. కలలో అమ్మ ఒక్క మాటే అంది: "నేర్పు."

తాను వరంగా అడిగిన మాటనే అమ్మ ఆజ్ఞగా తిప్పి ఇచ్చిందని ఆయనకు అర్థమైంది. లేచి, తన చేతులతోనే తడికలు పీకేసి, మాచమ్మ గుడిసెకు వెళ్ళాడు.

"మీ ఇంటి విద్య కదా తాతా, మాబోటి వాళ్ళకు చెప్పొచ్చా?" అందామె.

"ఆ ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలానమ్మా. రా."

పలకల సందుల్లో నార కూరి గుగ్గిలం పూయడం మొదట నేర్పాడు. ఆమె బాగుచేసిన పడవ కారింది. అంతా ఊడదీయించి మళ్ళీ చేయించాడు. మళ్ళీ కారింది. మూడోసారి నీట దింపాక పేరయ్య లోపలికి దిగి, అడుగంతా అరచేత్తో తడిమి చూశాడు. పొడిగా ఉంది. "నా చేతిపని కూడా ఇంత పొడిగా ఉండేది కాదు" అని ఒడ్డున అందరికీ వినబడేలా చెప్పాడు. మూటలు విప్పుకున్న వారిలో ఆరుగురు ఆ రోజే మాచమ్మ పక్కన పనికి కూర్చున్నారు. చలికాలం ముగిసేలోగా పడవలన్నీ వేటకు వెళ్ళాయి. నాటి నుంచి ఆ తల్లి నేర్పులమ్మ అయింది.

నేడు పనివాళ్ళు దొరక్క పడవలు ఇసుకలో చీకిపోతున్న రేవులు ఎన్నో. ఈ పాకలో మాత్రం పదకొండు మంది నేర్చుకుంటున్నారు. అందులో నలుగురు స్త్రీలు. కొత్త పడవకు చివరి మేకు నేర్చుకునేవారే కొట్టాలి, గురువు చేతులు కట్టుకుని చూడాలి. నేర్పమని వచ్చినవారిని కులమేదని, ఊరేదని అడగరాదు. శిష్యులు దొరకని పనివారు, గురువు దొరకని యువతీయువకులు ఈ తల్లికి మొక్కుకుంటే, ఏడాది తిరగకుండా ఒకరికొకరు ఎదురుపడతారని ఇక్కడివారి నమ్మకం.