సగం బొంత పైడమ్మ

అనగనగా కొండవార ఒక ఊరు. ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ ఉండేది. దుప్పటి లాక్కోకురా, చెబుతున్నాగా.

పైడమ్మ బొంతలు కుట్టేది. పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచు నుంచి మొదలెట్టి, చీమలు బారులు తీరినట్టు సన్నగా కుట్టుకుంటూ లోపలికి వచ్చేది. మొదలెట్టిందంటే అయ్యేదాకా లేచేది కాదు. ఎవరింట్లోనన్నా సగం అల్లిన తడికో, సగం ఏరిన బియ్యమో కనిపిస్తే, "ఇదేం పనమ్మా, ఒక్క పూట కూర్చుంటే అయిపోదూ?" అని మూతి తిప్పేది.

అప్పుడేమైంది? పైడమ్మకి కొడుకు పుట్టాడు.

పుట్టింట్లో పురుడు పోసుకుని, వానలు వెనకపట్టాక పిల్లాణ్ణి ఎత్తుకుని అత్తారింటికి వచ్చింది. వచ్చి చూస్తే ఏముంది? వానకి పొయ్యి కరిగిపోయింది, కొత్తది వెయ్యాలి. మంచం నులక తెగిపోయింది, మళ్ళీ అల్లాలి. అన్నిటికన్నా ముందు, చలి కొండ దిగేలోపు పిల్లాడికి బొంత కుట్టాలి.

"వారం తిరక్కుండా అన్నీ అయిపోతాయి, చూస్తూ ఉండు," అంది మొగుడు సింహాద్రితో. సింహాద్రి నెమ్మదస్తుడు. "అలాగేలే," అన్నాడు.

పొయ్యికి మట్టి తొక్కింది. ఒక పక్క గోడ లేపింది. కేర్‌మన్నాడు పిల్లాడు. చేతులు కడుక్కుని, పాలిచ్చి, పడుకోబెట్టి వచ్చేసరికి మట్టి బిరుసెక్కిపోయింది. నీళ్ళు పోసి మళ్ళీ తొక్కింది. కేర్! ఆ తర్వాత ఆ సగం పొయ్యిలో పిల్లి కాపురం పెట్టింది.

"పోనీ, మంచం నువ్వల్లు," అని నులక మొగుడి ముందు పడేసింది. సింహాద్రి పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అల్లాడు. అతను ఒక వరస లాగితే వాడు ఇంకో వరస లాగి నోట్లో పెట్టుకున్నాడు. సగానికి వచ్చేసరికి నులకంతా చిక్కుపడిపోయింది. ఆ మంచమ్మీద ఎవరు పడుకున్నా తల పైన, కాళ్ళు నేల మీద!

"పోనీ, బొంతన్నా కానీ," అనుకుంది పైడమ్మ. చీర ఉయ్యాల కట్టి, ఊపి ఊపి వాణ్ణి నిద్రపుచ్చింది. చప్పుడు చెయ్యకుండా వచ్చి కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించింది. నాలుగు కుట్లు వేసిందో లేదో, కేర్! ఎడమచేత్తో ఉయ్యాల ఊపుతూ కుడిచేత్తో కుట్టింది. ఊపింది, కుట్టింది, ఊపింది, కుట్టింది. తీరా లేవబోతే బొంత కూడా లేచింది. తన కొంగు కలిపి కుట్టేసుకుంది!

"ఏం పిల్లాడివిరా నువ్వు! నేను ఊరికే కూర్చుంటే బజ్జుంటావు. సూది ముట్టుకుంటే నీకెలా తెలుస్తుందిరా?" అని కేకలేసింది. వాడు బోసినోరు తెరిచి నవ్వాడు. పైడమ్మకి ఇంకా ఒళ్ళు మండింది. తిట్టుకుందామన్నా తిట్టుకోనివ్వడే!

వాళ్ళత్త అప్పాయమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తూ ఇదంతా చూసేది. పిల్లాణ్ణి తనెత్తుకుందామంటే వాడికి తల్లి చంక తప్ప ఇంకో చంక పనికిరాదాయె. "ఆ బొంత ఇలా తేవే, నేనో చెయ్యి వేస్తా," అనేది. "వద్దత్తా, నేను చేసుకుంటాలే," అనేది పైడమ్మ. ఎందుకంటావా? అప్పాయమ్మ కుట్టు ఎద్దు అడుగంత ఉంటుంది. పైగా ఒకటి ఇటు, ఒకటి అటు.

ఒకరోజు పైడమ్మ పిల్లాణ్ణి చంకనేసుకుని ఏటికి వెళ్ళొచ్చింది. వచ్చేసరికి బొంత మీద కొత్త కుట్లున్నాయి. ఇంతింత కుట్లు! కోడలు సంతోషిస్తుందని అప్పాయమ్మ నడుం నొప్పైనా కూర్చుని కుట్టి పెట్టింది.

పైడమ్మ ఏం చేసిందో తెలుసా? కూర్చుని, పక్కన పిల్లాడు ఏడుస్తున్నా సరే, ఆ కుట్లన్నీ ఊడదీసింది. అప్పాయమ్మ చూసింది. లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆ తర్వాత చలి దిగేసింది. మధ్యాహ్నమైనా మంచు విడవలేదు. పిల్లాడికి జలుబు చేసింది. ముక్కు మూసుకుపోయి, పాలు పట్టి పట్టి వదిలేస్తున్నాడు, ఏడవడానికి కూడా ఓపిక లేదు. పైడమ్మ వాడికి తన చీర చుట్టింది. సింహాద్రి తువ్వాలు చుట్టింది. అయినా కాళ్ళు చల్లగానే ఉన్నాయి. ఆ చిట్టి పాదాలు అరచేతుల్లో పెట్టుకుని రుద్దుతూ, మూలనున్న బొంత వంక చూసింది. ఎంత ముచ్చటగా ఉన్నాయో కుట్లు! ఉన్నంతవరకూ. అవి చూసి పైడమ్మకి ఏడుపొచ్చింది.

అప్పుడు లేచింది. బొంత తీసుకెళ్ళి అత్త ఒళ్ళో పెట్టింది.

"కుట్టత్తా."

"నా కుట్లు పెద్దవి కదే," అంది అప్పాయమ్మ, తలెత్తకుండానే.

"పెద్దవైతే తొందరగా అవుతుంది. మొన్న ఊడదీశాను, నాదే తప్పు. మనసులో పెట్టుకోకత్తా."

అప్పాయమ్మ కోడలి మొహం వంక చూసింది, పిల్లాడి వంక చూసింది. "నాకు సూది బెజ్జం కనబడదు, దారం ఎక్కించివ్వు," అంది. అంతే, అలక తీరిపోయింది.

ఒక పక్క అప్పాయమ్మ కూర్చుంది. ఇంకో పక్క ఎదురింటి వరాలు వచ్చి కూర్చుంది. సింహాద్రి కూడా ఒక సూది పుచ్చుకున్నాడు. మొదటి కుట్టుకే వేలు పొడుచుకున్నాడు, రెండో కుట్టుకి దారం గట్టిగా లాగి మూలంతా ముడతేశాడు. పైడమ్మ పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. "అయ్యో, అలా కాదు!" అనబోయి పళ్ళు బిగబట్టింది. మళ్ళీ అనబోయి పెదవి కొరుక్కుంది. మూడోసారి ఇంక చూడలేక గోడవైపు తిరిగి కూర్చుంది.

పొద్దు వాలేసరికి బొంత అయిపోయింది. ఒక పక్క సన్నగా, ఒక పక్క వంకరగా, ఒక మూల మూటలాగా! దాన్లో పిల్లాణ్ణి చుట్టారు. కాసేపటికి వాడి కాళ్ళు వెచ్చబడ్డాయి. ముక్కు వదిలింది. గుర్రు పెట్టి నిద్రపోయాడు.

మర్నాడు ఎండ కాసింది. పిల్లాడు కడుపునిండా పాలు తాగాడు. తాగి, కొత్త బొంత నిండా ఉచ్చ పోశాడు.

"ఒరే! ఒక్క రోజన్నా ఆగలేకపోయావట్రా!" అని పైడమ్మ నెత్తి బాదుకుంది. అప్పాయమ్మ నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వు చూసి పైడమ్మకీ నవ్వాగలేదు. 

పొయ్యా? ఆ ఏడంతా రాళ్ళ మీదే వంట. మంచమా? దాని సంగతి నన్నడక్కు.

బొంతేమో దండేనికి,
కథేమో కంచికి,
మనమిద్దరం నిద్దరకి!